ఆకుపచ్చ స్క్రూ

ఇన్‌స్పెక్టర్ ప్యానెల్ మూత విప్పి, టార్చి వేసి, కరెంటు తిరిగిపోయే న్యూట్రల్ వైర్లన్నీ బిగించే బార్ మీదున్న ఆకుపచ్చ స్క్రూ మీద వేలు పెట్టాడు. "ఇది ఎవరు వదిలేశారు?"

నేనే. ఊళ్లో పదేళ్లు కరెంటు పని చేశానన్నావు, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ తేడా తెలియదా అన్నాడు. గొంతు కూడా పెంచలేదు. పని ఫెయిలని ఎర్ర ట్యాగు అతికించి వెళ్లిపోయాడు.

హ్యూస్టన్ పక్కన కేటీలో, మనవాళ్ల ఇల్లది. ఇంటాయనది కర్నూలు. వేరేవాళ్ల ఇంట్లో అయితే ఆ మాట అక్కడే పోయేది. మన మనిషి ముందు పడితే ఊరిదాకా పోతుంది. వాళ్లావిడ మాత్రం ఏమీ విననట్టే ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు తెచ్చి "తిను నాయనా, టెన్షన్ పడాక" అంది. గొంతు దిగలేదని రాస్తే అబద్ధం. రెండోసారి కూడా పెట్టించుకున్నాను.

కానీ ఆ మాట మూడు నెలలైనా పోలేదు. తేడా తెలియకనా? ఆ తేడాతోనే కదా నా బతుకు మొదలైంది!

ఐటీఐ అయ్యాక అనంతపురం పాతూరులో ఒక మేస్త్రీ దగ్గర చేరాను. మొదటిరోజే చెప్పాడు: న్యూట్రల్ వేరే, షాక్ కొట్టకుండా కాపాడే ఎర్త్ వేరే, ఇంట్లో యాడా కలపాక. న్యూట్రల్‌ను ఎర్త్ చేసేది ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర. ఇంటి ఎర్త్ అంటే ఉప్పు, బొగ్గులు వేసిన గుంత. మన ఎండలకు అందులో బిందెడు నీళ్లు పోయడం కూడా మా పనే.

అక్క స్పాన్సర్ చేసిన గ్రీన్ కార్డు మీద టెక్సాస్ వచ్చి, మొదటిసారి ఒక మెయిన్ ప్యానెల్ తెరిస్తే న్యూట్రల్ తెల్ల వైర్లు, ఎర్త్ రాగి తీగలు అన్నీ ఒకే బార్ మీద! నాకు చెమటలు పట్టాయి. మా లీడ్ మెక్సికో ఆయన, నవ్వాడు. ఇక్కడి కోడ్, అంటే వైరింగ్ నిబంధనలు, అదేనట. వీధిలోంచి వచ్చిన కరెంటును మొట్టమొదట ఆపే మెయిన్ ఉంటుంది కదా, సర్వీస్ డిస్కనెక్ట్ అంటారు, అక్కడ న్యూట్రల్‌నూ గ్రౌండ్‌నూ (మన ఎర్తే) కలిపి తీరాలి. ఆ ఆకుపచ్చ స్క్రూ పని అదే. ఇక్కడ జర్నీమన్ లైసెన్సుకు, అంటే సొంతంగా పని చేసే ఎలక్ట్రీషియన్ లైసెన్సుకు, 8,000 గంటల పని చూపించాలి. అందులో సగం నాకు మేస్త్రీ మాట మరిచిపోవడానికే సరిపోయింది.

మరిచిపోయిన మనిషికి జనరేటర్ ఎదురొచ్చింది. 2024 జూలైలో బెరిల్ తుఫానుకు హ్యూస్టన్‌లో లక్షల ఇళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు. ఆ దెబ్బతో అందరూ జనరేటర్లంటున్నారు. కేటీ ఇంట్లో మీటర్ పక్కన, బయటి గోడకు 200 ఆంపుల ట్రాన్స్‌ఫర్ స్విచ్ పెట్టాం, కరెంటు పోతే ఇంటిని జనరేటర్ మీదికి మార్చేది. మెయిన్ బ్రేకర్ అందులోనే ఉంటుంది. అంటే మొదట ఆపే చోటు గరాజ్‌లోంచి బయటి గోడకు మారింది. కలిపే చోటూ దానితోపాటే మారాలి. పాత మెయిన్ ప్యానెల్ ఇక ఉత్త సబ్ ప్యానెల్. నాలుగు వైర్లు లాగాను, ఎర్త్‌లకు వేరే బార్ బిగించాను, ఒక్కొక్కటే విప్పి దానిమీదికి మార్చాను. ఆ స్క్రూ ఒక్కటి పీకలేదు.

ట్యాగు పడ్డాక మా లీడ్ వంటింట్లో మైక్రోవేవ్ ఆన్ చేయించి, ఎర్త్ వైరుకు క్లాంప్ మీటర్ తగిలించాడు, వైరు తెంపకుండానే అందులో కరెంటు కొలిచేది. 2.6 ఆంపులు. సున్నా ఉండాల్సిన చోట! రెండుచోట్ల కలిస్తే, తెల్ల వైరులో తిరిగిపోవాల్సిన కరెంటు పంచుకుని ఎర్త్ వైరులోనూ పోతుంది. స్క్రూ విప్పాను. సున్నా.

మేస్త్రీ చెప్పినదే చేసుంటే ఆ ప్యానెల్ పాసయ్యేది. నన్ను కాల్చేది అదే.

మన ఫంక్షన్ హాళ్లలో పిడి తిప్పే చేంజోవర్ తెలుసు కదా. నాలుగు పోళ్లదైతే, అంటే నాలుగు వైర్లనూ తెంపేదైతే, న్యూట్రల్ కూడా తెగిపోయి అటువైపు పడుతుంది. మాకది చేతి అలవాటు. కేటీలో పెట్టినది రెండు పోళ్లదే, న్యూట్రల్ తెగదు. అందుకే జనరేటర్ దగ్గర మళ్లీ కలపకూడదు. ఇక ఆ స్విచ్చే లేకపోతే మాత్రం రెండు దేశాల్లోనూ చావే. జనరేటర్ కరెంటు వెనక్కి పోయి ట్రాన్స్‌ఫార్మర్‌లో వేల వోల్టులవుతుంది. ఎల్‌సీ (లైన్ ఆపేశారన్న అనుమతి) తీసుకుని స్తంభమెక్కిన లైన్‌మన్‌కు ఆ సంగతేం తెలుస్తుంది!

ఒకటి మాత్రం మెచ్చుకోవాలి. 2020 కోడ్ నుంచి కొత్త ఇళ్లకు ఎమర్జెన్సీ డిస్కనెక్ట్ బయటే ఉండాలి. 2023 కోడ్ నుంచి దానికి ఎర్ర పట్టీ మీద తెల్లక్షరాలు, అరంగుళానికి తగ్గకూడదు. ఫైరింజనోళ్లు వెతుక్కోకుండా. మెయిన్ దించితే, కరెంటు పోయిందనుకుని జనరేటర్ తనంతట తానే లేస్తుంది. అందుకని దాన్ని ఆపే స్విచ్ కూడా బయటే పెట్టాలి. ఊళ్లో మా ఇంట్లో మెయిన్ క్యాలెండర్ వెనక ఉంది.

మొన్న సెలవుకొచ్చి మేస్త్రీకి ఇదంతా చెప్పాను. సిల్వర్ గ్లాసులో టీ తాగుతూ విన్నాడు.

"నేను అప్పుడే చెప్పింటి కదరా, కలపాక అని."

"అక్కడ ఒకచోట కలపాలన్నా."

"యాడ కలపాలో వాళ్లకే తెలుస్తాదిలే."

జేబులోంచి ఆ ఆకుపచ్చ స్క్రూ తీసిచ్చాను. అటూ ఇటూ తిప్పి చూశాడు. "మర బాగుందే" అని పాత నట్ల డబ్బాలో వేసుకున్నాడు.