ఈత రానివాడి పడవ

కోటిపల్లి రేవులో పంటెక్కి గోదావరి దాటుతూ పెరిగినవాణ్ణి. ఈత మాత్రం రాదు. 43 ఏళ్లొచ్చాక, అమెరికాలో ఆస్టిన్‌లో కూర్చుని కయాక్ (తెడ్డేసుకుంటూ నడిపే సన్నటి చిన్న పడవ) కొంటానంటే మా ఆవిడ "ముందు ఈత నేర్చుకోండి" అంది. సరేనని రెండూ ఒకేసారి మొదలుపెట్టాను. ఈత ఇప్పటికీ సాగుతూనే ఉంది.

కొనే ముందు రెండు నెలలు ఊళ్లోనే ఉన్న లేడీ బర్డ్ లేక్‌లో అద్దె పడవల్లో తిరిగాను. అక్కడ పెట్రోలు మోటారు పడవలు నిషేధం కాబట్టి అలల గొడవ లేదు. మొదటి వారం ఇద్దరం కలిసి రెండు సీట్లది తీసుకున్నాం. నా తెడ్డుకి ఆవిడ తెడ్డు తగలడం, "మీరు ఆగండి", "నువ్వాగు"... గంట నిండకుండానే ఒడ్డుకొచ్చేశాం. జంట సీట్ల ఆలోచన అక్కడితో సరి.

పొడవు పెరిగితే పడవ తిన్నగా, వేగంగా పోతుంది. వెడల్పు పెరిగితే నిలకడ. నాలాగా సరదాకి తిరిగేవాళ్లకి 9 నుంచి 12 అడుగుల మధ్యవి చాలు. నేను 10 అడుగుల పొడవు, 30 అంగుళాల వెడల్పు అనుకున్నాను. అది తేల్చుకోవడం తేలికే. తెగనిదల్లా సిట్-ఇన్ తీసుకోవాలా, సిట్-ఆన్-టాప్ తీసుకోవాలా అన్నదే. సిట్-ఇన్‌లో కాళ్లు లోపల పెట్టుకుని కూర్చుంటాం, పెద్దగా తడవం. రెండోదాంట్లో పడవ పైభాగం మీదే కూర్చుంటాం, ఫ్యాంటు తడవకుండా ఇంటికి రావడమన్నది కల్ల.

నాకు తమ్ముడి వరసయ్యే కుర్రాడి దగ్గర రెండు రకాలూ ఉన్నాయి. "అన్నయ్యా, పడిపోయి చూడకుండా కొనకు" అన్నాడు. ఒక శనివారం లైఫ్‌జాకెట్లు బిగించుకుని లేక్ ట్రావిస్‌లో మెడలోతు నీళ్లలో కావాలనే బోల్తా కొట్టాం. సిట్-ఇన్ గంగాళంలా నిండిపోయింది. ఎక్కబోతే మళ్లీ తిరగబడింది. చివరికి ఒడ్డుకి ఈడ్చుకొచ్చి, చేతిపంపుతో తోడేసరికి భుజాలు పడిపోయాయి. రెండోదాన్ని వెల్లకిలా తిప్పి, అడ్డంగా బోర్లా పడి, కాళ్లు తపతపా కొట్టి పైకి పాకాను. రెండుసార్లు జారిపోయాను, మూడోసారి కూర్చున్నాను. నీళ్లు అడుగునున్న కన్నాల్లోంచి వాటంతటవే దిగిపోయాయి. ఈత రానివాడికి ఇక వేరే ఆలోచన ఏముంటుంది?

గాలి కొట్టే రకం కూడా చూశాను. అపార్ట్‌మెంటు వాళ్లకి బాగుంటుంది. కానీ ప్రతిసారీ బాగా ఆరబెట్టి మడవాలి, లేకపోతే బూజు. నా బద్ధకం సంగతి నాకు తెలుసు.

మొదట చూసిన సెకండ్‌హ్యాండ్‌ది పైకి నిగనిగలాడింది. అమ్మేవాడు "రెండుసార్లే వాడాను" అన్నాడు. తమ్ముడు చెప్పినట్టు పైనున్న మూత తీసి, ఫోను టార్చి లోపల పెట్టి, గ్యారేజీలో లైటు ఆర్పించాను. వెనక వైపు, సీటు కింద కన్నం పక్కన సన్నటి గీతలా వెలుతురు బయటికొచ్చింది. పగులు! రెండోదాన్ని చేత్తో రుద్దితే అరచేతికి సున్నంలా పొడి అంటింది. ఏళ్ల తరబడి ఎండలో పడున్న ప్లాస్టిక్ అది. మూడోది 350 డాలర్లకి కుదిరింది.

బరువు 54 పౌండ్లు. ఇదేం లెక్క అనుకున్నాను గానీ, మొదటి రోజు పార్కింగులో ఒక్కణ్ణే కారు మీదికి ఎత్తబోయి నడుం పట్టేసింది. అసలు మొత్తం ఎత్తక్కర్లేదని తర్వాత తెలిసింది. కారు వెనక అంచున పాత యోగా మ్యాట్ పరిచి, పడవ మూతి దాని మీద ఆనించి, వెనక నుంచి తోస్తే జారుతూ పైకెక్కుతుంది. కొనేముందు నీళ్ల మీద ఎలా పోతుందని పదిసార్లు చూశాను. నీళ్లదాకా ఎలా పోతుందని ఒక్కసారీ చూడలేదు.

పోయిన నెల పడవేసుకుని, లేడీ బర్డ్ లేక్ మీదున్న కాంగ్రెస్ అవెన్యూ వంతెన కిందికి గబ్బిలాలు చూడ్డానికి వెళ్లాను. సూర్యాస్తమయం దాటితే దీపం ఉండాలని చట్టం కాబట్టి, వెనక తెల్ల లైటు పెట్టుకున్నాను. ఆవిడ వంతెన మీద జనంలో ఉంది. గబ్బిలాలు పొగలా లేచే వేళకి ఫోను మోగింది.

"ఆ పసుప్పచ్చ పడవ మీదేనా?"

"అవును, కనిపిస్తున్నానా?"

"కనిపిస్తున్నారు. జాకెట్ జిప్పు పైదాకా లాగండి."