3 ఎంబీ ఫొటోకు 48 ఎంబీ మెమరీ

చీమకుర్తిలో ఒక గ్రానైట్ వ్యాపారి దగ్గర పలకల ఫొటోలు చూపించే ప్రోగ్రామ్ తెరవగానే కంప్యూటర్ మొరాయిస్తోందంటే వెళ్లాను. "ఫొటోలన్నీ కలిపినా 300 ఎంబీయే కదా సార్, మెమరీ అంతా ఎక్కడికి పోతోంది?" అన్నారాయన. న్యాయమైన ప్రశ్నే.

డిస్కులో ఉండేది కుదించిన జేపెగ్ ఫొటో ఫైలు. తెర మీద చూపాలంటే దాన్ని పూర్తిగా విప్పాలి. అప్పుడు సాధారణంగా ఫొటోలోని ఒక్కో రంగు చుక్కకు, అంటే పిక్సెల్‌కు 4 బైట్లు కావాలి. 4000 × 3000 ఫొటోకు 4.8 కోట్ల బైట్లు, అంటే 48 ఎంబీ! ఫైలు 3 ఎంబీయేనన్న సంగతి మెమరీకి పట్టదు. అలాంటివి వంద ఒకేసారి విప్పితే 4.8 జీబీ. ఇంతా చేసి చూపించేది అరచేతి పాటి గడిలో.

ప్రోగ్రామ్‌లో పొదిగిన పెద్ద ఫొటోలను బయటి ఫోల్డర్‌కు మార్చి, జాబితాకు 400 × 300 ప్రతులు పెట్టాను. ఒక్కొక్కటి విప్పినా అర ఎంబీ దాటదు. నొక్కితేనే అసలు ఫొటో తెరుచుకుంటుంది, మూయగానే మెమరీ వదిలేస్తుంది.

వేగం బాగుందట గానీ, చిన్న ఫొటోల్లో బ్లాక్ గెలాక్సీ రకం గ్రానైట్ మీది బంగారు చుక్కలు కనబడడం లేదని ఆయన అసంతృప్తి. ఆ రాయికి పేరు తెచ్చినవే ఆ చుక్కలు మరి! మౌస్ పెట్టిన చోట అసలు ఫొటోలోని ముక్క మాత్రం చూపించమంటున్నారు. వచ్చే వారం ఆ పని చూడాలి.