కంట్లో అమీబా, గంటకో చుక్క

కేరళలో మెదడు అమీబా కేసుల వార్త వచ్చినప్పుడల్లా చుట్టాలు నాకే ఫోన్ చేస్తారు. వార్తల్లో ఎక్కువగా వినిపించే నేగ్లేరియా ఫౌలెరి వెచ్చటి, ఉప్పులేని నీళ్లలోంచి ముక్కు గుండా మెదడుకెక్కి రోజుల్లో ప్రాణం తీస్తుంది. నా కుడికంట్లో చేరింది అకాంతమీబా. ఇదీ మెదడుకు సోకగలదు గానీ, చాలావరకు రోగనిరోధక శక్తి బాగా పడిపోయినవాళ్లలోనే, ఊపిరితిత్తుల నుంచో చర్మం మీది పుండు నుంచో రక్తంలో కలిసి.

నేను చేసిన తప్పు చిన్నదే. లెన్స్ డబ్బీని నల్లా నీళ్లతో కడిగి, తడి ఆరకుండానే మూత పెట్టేదాన్ని. డబ్బీ లోపల బాక్టీరియా జిగురుపొర కడుతుంది, అమీబాకు అదే మేత. మన దేశంలో లెన్సులు పెట్టుకోనివాళ్లకూ ఈ జబ్బు వస్తుంది: కంట్లో మట్టి పడటం, ఆకు గీసుకోవడం, ఆపై మురికి నీళ్లతో కడుక్కోవడం.

మొదట హెర్పిస్ అనే వైరస్ జబ్బు అనుకున్నారు. ఆ మందుకు తగ్గకపోతే స్టెరాయిడ్ చుక్కలు రాశారు. ఎరుపు తగ్గింది, నొప్పి పెరిగింది. స్టెరాయిడ్ వాపును కప్పిపెడుతుందే తప్ప అమీబాను చంపదు. పైకి కనిపించే పుండుకు మించిన నొప్పి ఉంటే అనుమానించాల్సింది ఇక్కడే. కార్నియా (నల్లగుడ్డు మీది పారదర్శక పొర) మీద తెల్లటి ఉంగరం కనిపించేదాకా ఆగితే ఆలస్యమైనట్టే.

రెండో ఆసుపత్రిలో కార్నియాను గీకి, కాల్కోఫ్లోర్ వైట్ అనే మెరిసే రంగు వేసి చూస్తే, అమీబా గట్టి గోడ కట్టుకుని దాక్కున్న రెండు గోడల తిత్తులు మెరిశాయి. మిగిలిన నమూనాను ఈ-కోలై పూసిన, పోషకాల్లేని అగర్ (సూక్ష్మజీవుల్ని పెంచే జెల్లీ) మీద వేశారు. అమీబా ఆ బాక్టీరియాను తింటూ పాకిన జాడ ప్లేటు మీద కనబడుతుంది.

క్రిముల్ని చంపే చుక్కల మందులు రెండు: 0.02 శాతం పీహెచ్ఎంబీ, 0.02 శాతం క్లోర్‌హెక్సిడిన్. మొదటి 48 గంటలు రాత్రింబవళ్లు గంటకోసారి. అలారం మోగకముందే మెలకువ వచ్చేది. రెండింటి మధ్య 5 నిమిషాలు ఆగాలి, లేకపోతే రెండో చుక్క మొదటిదాన్ని కడిగేస్తుంది. తర్వాత పగలు మాత్రమే గంటకోసారి, ఆపైన వారాల మీద తగ్గిస్తూ వచ్చారు. నొప్పి పోయిందని ఆపేస్తే, మిగిలిన తిత్తుల్లోంచి అమీబా మళ్లీ బయటికొస్తుంది. నాకు ఏడు నెలలు పట్టింది. సన్నటి మచ్చ ఉండిపోయింది, రాత్రిపూట ఎదురొచ్చే బండి లైటు చుట్టూ వెలుగు చెదురుతుంది.

ఇప్పుడు కళ్లజోడే. అమ్మ మాత్రం జలనేతి, అంటే ముక్కులో నీళ్లు పోసి కడుక్కోవడం, మానలేదు. నేగ్లేరియాకు ముక్కే దారి కాబట్టి, నీళ్లు తెర్లడం మొదలయ్యాక పూర్తిగా ఒక నిమిషం మరిగించి, చల్లార్చాకే చెంబులో పోస్తోంది.