మాను ఎటు గుంజుతోందో చూశాకే రంపం

బ్యాటరీ చైన్ రంపం కొన్నప్పుడు అందరూ దాని బరువెంత, చార్జింగ్ ఎంతసేపు ఆగుతుంది అనే అడిగారు. వాడాక నాకు తెలిసిందేమిటంటే, అసలు భయపడాల్సింది దాని నిశ్శబ్దానికి. పెట్రోల్ రంపం ఆన్‌లో ఉంటే వీధి చివరికి తెలుస్తుంది. ఇది ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉంటుంది, ట్రిగ్గర్ నొక్కగానే చైన్ అంత వేగమూ అందుకుంటుంది. అందుకే చైన్ బిగించాలన్నా, ఇరుక్కున్న కొబ్బరి పీచు లాగాలన్నా ముందు బ్యాటరీ ఊడదీసి పక్కన పెట్టేవాణ్ణి. ఇందులో మినహాయింపు లేదు.

2025 అక్టోబర్ 28 అర్ధరాత్రి వేళ మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. తెల్లారేసరికి మా తోటలో కొబ్బరి చెట్లు అడ్డదిడ్డంగా పడున్నాయి. ఒకటైతే పంట బోదెకి, అంటే పొలాలకి నీళ్లు పారే చిన్న కాలువకి అడ్డంగా, రెండు గట్లనీ ఆనుకుని పడింది. కోత మిషన్ వాళ్లకి రోడ్ల మీది చెట్లతోనే సరిపోతోంది.

ముందు లైన్‌మన్‌కి ఫోన్ చేశాం. ఊరంతా కరెంటు లేదు కదా అని తెగిన తీగల దగ్గరికి పోకూడదు. ఎవరి జనరేటరో లైన్‌లోకి ఎదురు కరెంటు పంపితే అంతే సంగతులు. మా పక్కన రొయ్యల చెరువులన్నిటికీ జనరేటర్లున్నాయి. నా బ్యాటరీల చార్జింగ్ కూడా అక్కడే అయింది లెండి. పని నుంచి తీసిన వేడి బ్యాటరీ వెంటనే ఎక్కదు, చల్లారాలి.

హెల్మెట్, కళ్లద్దాలు, బూట్లు సరే. తొడలకి కట్టుకునే కవచం మాత్రం చాలామంది దండగ అంటారు. అందులోని పొడవాటి దారాలు చైన్‌తో పాటు లోపలికి పోయి పళ్ల చక్రానికి చుట్టుకుని రంపాన్ని ఆపుతాయి. అలాగని పూర్తి భరోసా లేదు. ఇలా బ్యాటరీ మోటారు బలంతో తిరిగే రంపాన్ని అది ఆపలేకపోవచ్చు. అయినా కట్టుకున్నాను.

మొదలెట్టే ముందు రోజూ చైన్ బ్రేక్ చూసుకునేవాణ్ణి. చైన్ తిరుగుతుండగా ముందున్న గార్డుని నెడితే ఠక్కున ఆగాలి. బార్, అంటే చైన్ చుట్టూ తిరిగే పొడవాటి పలక, దాని కొస పైభాగం కొమ్మకో మొద్దుకో తగిలితే రంపం ఒక్క విసురున మన మొహం మీదికి ఎగదన్నుతుంది. అప్పుడు కాపాడేవి ఆ బ్రేకూ, పిడి చుట్టూ బిగించిన ఎడమ బొటనవేలూ. మనిషి కూడా బార్‌కి సూటిగా కాకుండా కాస్త ఎడమకి నిలబడాలి.

బోదె మీది మాను దగ్గరికొచ్చేసరికి చెట్లెక్కి కాయలు దింపే మా దింపు బాబాయి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగండి బాబూ, కింద ఖాళీ చూశారా? పైనించే కోసుకుంటా పోతే నడుం వాలి రంపాన్ని పట్టేసుద్ది."

రంపం ముట్టని మనిషి చెప్పిన ఆ మాట అక్షరాలా నిజం. రెండు కొసలూ ఆనుకుని మధ్యలో ఖాళీ ఉంటే మాను పైభాగం నొక్కుకుని ఉంటుంది, కిందిభాగం సాగి ఉంటుంది. కాబట్టి పైనుంచి మూడో వంతు కోసి ఆపి, మిగతాది కింద నుంచి పైకి కోయాలి. ఒక కొస గాల్లో వేలాడుతుంటే ఇదంతా తిరగేయాలి. కింద నుంచి కోసేటప్పుడు చైన్ రంపాన్ని మన మీదికి నెడుతుంది, కాళ్లు నిలదొక్కుకుని ఉండాలి. వేర్లతో లేచిన చెట్టయితే ఇంకో గొడవ. మాను తెగగానే బరువు తగ్గి, వేరు దిమ్మ మళ్లీ గోతిలోకి పడొచ్చు. ఆ గోతి వైపు ఎవరినీ నిలబడనివ్వలేదు.

కొబ్బరి మాను అంచు గట్టి, లోపల మెత్తన. అంచు దగ్గరే పళ్లు అరిగిపోతాయి. దానికితోడు మాది ఇసుక నేల, ఒక్కసారి చైన్ నేలకి తగిలిందంటే పదును పోయినట్టే. మాను కింద దుంగ ముక్కలు పెట్టి ఎత్తు చేసుకున్నాం. రంపపు పొట్టు పిండిలా సన్నగా రాలుతోందంటే ఆకురాయి పట్టే వేళయిందని గుర్తు. మొండి చైన్‌ని బలంగా నొక్కి కోయడమే ప్రమాదం.

తల విరిగి నిలబడున్న చెట్ల జోలికి నేను పోలేదు. భుజం ఎత్తు దాటి రంపం ఎత్తకూడదు, నిచ్చెన మీద అసలే కూడదు. వాటిని దింపు వాళ్లే తాళ్లు కట్టి ఖాళీ వైపుకి లాగి పడేశారు. అడిగిన కూలికి బేరమాడలేదు.