మౌస్ నొప్పి, వీసా భయం

బ్రిటన్‌లో కంప్యూటర్ ఉద్యోగంలో చేరగానే ఒక ఫారం నింపమంటారు. డీఎస్ఈ అసెస్‌మెంట్ అని దాని పేరు, అంటే స్క్రీన్ ముందు పనిచేసే చోటును పరిశీలించడం. కుర్చీ ఎత్తు సరిపోయిందా, మౌస్ అందుకోవడానికి చెయ్యి చాచాల్సి వస్తోందా, మణికట్టులో గానీ మెడలో గానీ నొప్పి ఉందా అని అడుగుతుంది. మనవాళ్లు చాలామంది అన్నిటికీ 'ఏ ఇబ్బందీ లేదు' అని టిక్కులు పెట్టేసి పంపేస్తారు. నొప్పి ఉన్నవాళ్లు కూడా అంతే.

ఇది బద్ధకం కాదు, భయం. స్పాన్సర్ వీసా మీద, అంటే కంపెనీ పూచీ మీద వచ్చినవాడికి ఉద్యోగం పోతే, మామూలుగా వీసా గడువును 60 రోజులకు కుదిస్తారు. ఆ లోపల ఇంకో స్పాన్సర్‌ని వెతుక్కోవాలి. ఆ లెక్క తలలో తిరుగుతున్నవాడు తన చెయ్యి నొప్పెడుతోందని కంపెనీ కాగితం మీద ఎందుకు రాస్తాడు? మా టీమ్‌లో చేరిన ఒక కుర్రాడు సరిగ్గా ఇదే అన్నాడు. "అన్నా, నొప్పి అని రాస్తే పనికిరానివాడి కింద జమకట్టరా? ప్రొబేషన్ అయ్యాక చూద్దాంలే." అప్పటికే అతను మీటింగుల్లో కుడి మోచేతిని ఎడమ చేత్తో నొక్కుకుంటూ కూర్చునేవాడు.

నిజానికి ఆ ఫారం కంపెనీ మన మీద చూపించే దయ కాదు. 1992లో చేసిన నిబంధనల ప్రకారం అది కంపెనీ బాధ్యత. 1993 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. రోజూ గంట, అంతకు మించి ఏకధాటిగా స్క్రీన్ మీద పనిచేసే ఉద్యోగుల చోటును పరిశీలించాలి, నడుమ విరామం దొరికేలా చూడాలి, అడిగితే కంటి పరీక్ష చేయించాలి. ఇంటి నుంచి పనిచేసేవాళ్లకూ ఇది వర్తిస్తుంది. ఇక్కడి సహోద్యోగులు వేరే మౌస్ కావాలని అడగడం, కుర్చీ విరిగింది మార్చండి అన్నంత మామూలుగా ఉంటుంది. మనకే అది ఫిర్యాదులా అనిపిస్తుంది.

ఇంతకీ అరచేతిలో పట్టే ఆ వస్తువు అంత నొప్పి ఎలా తెస్తుంది? బరువు వల్ల కాదు, కదలకపోవడం వల్ల. ఎడమ చేతి వేళ్లను కుడి ముంజేతి పైభాగాన, మోచేతికి కాస్త కింద ఆనించి, కుడి చూపుడువేలిని కొంచెం పైకెత్తి చూడండి. లోపల కండరం బిగియడం తెలుస్తుంది. మౌస్ పట్టుకున్నంతసేపూ పొరపాటున క్లిక్ పడకుండా ఆ వేలిని మనకు తెలియకుండానే గాల్లో ఉంచుతాం. స్క్రీన్ చదువుతున్నా, ఎవరో మాట్లాడుతుంటే వింటున్నా చెయ్యి మౌస్ మీదే ఉంటుంది, ఆ కండరం పనిచేస్తూనే ఉంటుంది. స్వీడన్ నుంచి 1991లో వచ్చిన ఒక ప్రతిపాదనకు, కథలో అందరికన్నా ముందు లేచి చివర పడుకునే సిండ్రెల్లా పేరు పెట్టారు. చిన్న పనికి ముందుగా మేల్కొనే కండర పోగులే అన్నిటికన్నా చివర విశ్రాంతికి వెళతాయని, అందుకే తేలికపాటి పని కూడా గంటలకొద్దీ సాగితే అవే దెబ్బతింటాయని దాని సారాంశం.

దీనికి తోడు మన రోజు ఆఫీసుతో అయిపోదు. వేరే దేశంలోని టీమ్‌తో కాల్స్ ఉంటాయి. అద్దె గదిలో టేబుల్ ఉండదు, మంచం మీద లాప్‌టాప్, టచ్‌ప్యాడ్ మీద వంగిన మణికట్టు. పగలు పడిన ఒత్తిడి నుంచి తేరుకోవాల్సిన సమయంలో అదే చేతికి రెండో షిఫ్టు మొదలవుతుంది. మన విషయంలో అసలు గుట్టు ఇక్కడే ఉందని నా నమ్మకం.

నొప్పి రాగానే అందరూ ముందు కొనేది నిలువు మౌస్. కరచాలనానికి చాచినట్టు చెయ్యి పక్కకు తిరిగి ఉంటుంది కాబట్టి ముంజేయి మెలి తగ్గుతుంది. నాకు మణికట్టు దగ్గర హాయిగానే ఉండేది. కానీ క్లిక్ చేసినప్పుడల్లా మౌస్ పక్కకు జరుగుతుంది, జరగకుండా బొటనవేలితో అదమాలి. నా చెయ్యి చిన్నది, ఆ మౌస్ పెద్దది. కదలకుండా ఉండి, పైనున్న బంతిని బొటనవేలితో తిప్పే ట్రాక్‌బాల్‌కి మారితే భుజం తేలికపడుతుంది, భారమంతా ఆ ఒక్క వేలి మీదికి వస్తుంది. ఏ పరికరమైనా నొప్పిని ఒకచోటి నుంచి ఇంకోచోటికి పంపేదే. 2018లో వైద్య పరిశోధనలను బేరీజు వేసే కొక్రేన్ సంస్థ సమీక్ష కూడా ఆశలు పెంచదు: చేతికి ఆధారంతో పాటు ఇలాంటి మౌస్ వాడితే మెడ, భుజాల సమస్యలు తగ్గినట్టు తేలింది గానీ, కుడి చేతి సమస్యలు తగ్గినట్టు తేలలేదు.

నన్నడిగితే ముందు మార్చాల్సింది కీబోర్డు. కుడివైపు ఉన్న అంకెల మీటల వరుస మౌస్‌ని దూరంగా నెట్టేస్తుంది, చెయ్యి చాచి ఉంచడానికి భుజం రోజంతా మోస్తుంది. కోడ్ రాసేవాళ్లకు ఆ మీటలతో పెద్దగా పని లేదు. అవి లేని పొట్టి కీబోర్డు పెట్టుకుంటే పాత మౌసే ఒంటికి దగ్గరగా వస్తుంది. పాయింటర్ వేగం పెంచితే చెయ్యి కదిలించాల్సిన దూరమూ తగ్గుతుంది. మెయిళ్లు చదవడం లాంటి పనులకు నేను మౌస్‌ని ఎడమ చేతికి మార్చాను. మొదట్లో చిరాకే, తర్వాత అలవాటైంది. 1968లో మౌస్ సృష్టికర్త డగ్లస్ ఎంగెల్‌బార్ట్ శాన్‌ఫ్రాన్సిస్కోలో మౌస్‌ని మొదటిసారి జనం ముందు చూపించినప్పుడు ఆయన ఎడమ చేతి కింద అయిదు మీటల పరికరం ఒకటి ఉంది, పని రెండు చేతులకూ పంచాడు. పరిశ్రమ మౌస్‌ని ఉంచుకుని దాన్ని వదిలేసింది.

ఆ కుర్రాడు చివరికి ఫారం మళ్లీ తెరిచి ఉన్నదున్నట్టు రాశాడు. మేనేజర్ అడిగిందల్లా ఏ సైజు మౌస్ కావాలని.

అన్నీ ఇలా సర్దుకుపోవు. రాత్రి తిమ్మిరితో మెలకువ వస్తున్నా, బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు మొద్దుబారుతున్నా మణికట్టులో నరం నొక్కుకుంటోందేమో చూపించుకోవాలి. ఉంగరపు వేలు, చిటికెన వేలు అయితే మోచెయ్యి దగ్గరి నరాన్ని అనుమానించాలి, గట్టి బల్ల అంచు మీద మోచెయ్యి ఆనించేవాళ్లకు అది ఎక్కువ. చేతిలోంచి వస్తువులు జారిపోతుంటే ఆలస్యం చేయకూడదు. ఇంగ్లండ్‌లో చాలాచోట్ల ఎన్‌హెచ్ఎస్ (ప్రభుత్వ వైద్య సేవ) ఫిజియోథెరపీకి డాక్టర్ చీటీ లేకుండా మనమే పేరు నమోదు చేసుకోవచ్చు. వీసా తీసుకున్నప్పుడు కట్టిన ఆరోగ్య సర్‌ఛార్జి అందుకే.