మాఫుషి జైలు గోడ పక్కన

మాల్దీవులు అనగానే మనకి హనీమూన్ ఫోటోలే గుర్తొస్తాయి. నేను 2024 డిసెంబరులో వెళ్ళింది మాత్రం మా స్నేహితుడి అన్నయ్య పిలిస్తే. ఆయనది విజయనగరం. 2002లో లెక్కల టీచరుగా అక్కడికి వెళ్ళి, నాలుగైదు దీవుల్లో పనిచేసి ఇప్పుడు రాజధాని మాలేలో ఉంటున్నారు. వాళ్ళ ధివేహి భాష మన తెలుగంత ధారాళంగా మాట్లాడతారు. ఆయన లేకపోతే నేను కూడా సముద్రం చూసి తిరిగొచ్చేసేవాణ్ణి.

విమానాశ్రయం ఉన్నది హుల్హులే దీవిలో. 1988 నవంబరు 3 రాత్రి ఆగ్రా నుంచి బయల్దేరిన మన పారాట్రూపర్లు దిగింది ఇక్కడే. శ్రీలంక తమిళ మిలిటెంట్ల సాయంతో కొందరు తిరుగుబాటుకి ప్రయత్నిస్తే, అధ్యక్షుడు మౌమూన్ అబ్దుల్ గయూమ్ మనల్ని సాయం అడిగారు. గంటల్లో మనవాళ్ళు పరిస్థితి చక్కబెట్టారు. చిన్నప్పుడు ఆ వార్త విని ఎంత పొంగిపోయానో అన్నయ్యకి చెప్పాను. ఆయన బ్యాగు అందుకుంటూ అన్నారు: "మంచిపనే తమ్ముడూ. కిరాయి తుపాకులకి దేశాన్ని వదిలేయకూడదు కదా. కాకపోతే ఆ తర్వాత గయూమ్ ఇంకో 20 ఏళ్ళు కుర్చీ దిగలేదు. అది కూడా గుర్తుపెట్టుకో."

1978 నుంచి 2008 దాకా 30 ఏళ్ళు ఒక్క మనిషే. మర్నాడు శుక్రవారం, స్కూలుకి సెలవు. స్పీడ్‌బోటులో మాఫుషికి వెళ్ళాం. రెండు గంటల్లో చుట్టి రాగలిగేంత చిన్న దీవి. వీధులనిండా గెస్ట్‌హౌస్‌లు, డైవింగ్ షాపులు, టవల్ భుజాన వేసుకుని తిరిగే టూరిస్టులు. దక్షిణపు కొసకి నడిచాక ఆ సందడి ఒక్కసారిగా ఆగిపోయింది. ఎదురుగా ఎత్తైన గోడ. దేశంలోకెల్లా పేరుమోసిన జైలు.

2003 సెప్టెంబరులో ఈ గోడ వెనకాలే ఇవాన్ నసీమ్ అనే 19 ఏళ్ళ కుర్రాణ్ణి సిబ్బంది కొట్టి చంపారు. తిరగబడ్డ ఖైదీల మీద కాల్పులు జరిపితే మరికొందరు పోయారు. తల్లి ఆ శవాన్ని గుట్టుగా పూడ్చనివ్వలేదు, ఒంటి మీద దెబ్బలు జనం చూసేదాకా ఉంచింది. ఆ రోజు మాలే భగ్గుమంది. "అప్పటికి నేనొచ్చి ఏడాదే. అంతకుముందు స్టాఫ్‌రూములో గయూమ్ పేరెత్తాలంటే గొంతు తగ్గించేవాళ్ళు. ఆ పిల్లాడు పోయాక తగ్గించడం మానేశారు" అన్నారు అన్నయ్య. 2005లో పార్టీలకి అనుమతి వచ్చింది, 2008లో కొత్త రాజ్యాంగం వచ్చింది. ఆ అక్టోబరులో జరిగిన రెండో రౌండులో, ఎన్నోసార్లు జైలుకెళ్ళొచ్చిన మొహమ్మద్ నషీద్ 54 శాతం ఓట్లతో గయూమ్‌ని ఓడించారు. గయూమ్ ఓటమి ఒప్పుకుని దిగిపోయారు.

నేను బస చేసిన గెస్ట్‌హౌస్ కూడా ఆ ఓటు పుణ్యమేనని తెలిశాక మనసు ఎటో పోయింది. గయూమ్ కాలంలో టూరిస్టుల దీవులు వేరు, జనం దీవులు వేరు. రిసార్టు డబ్బు ఊళ్ళోకి రాదు, ఊరి మాట రిసార్టుకి పోదు. జనం ఉండే దీవుల్లో గెస్ట్‌హౌస్‌లు పెట్టుకోవచ్చని నషీద్ ప్రభుత్వం తలుపు తీశాకే మాఫుషి ఇలా మారింది. నాలాంటి మధ్యతరగతి వాడు అక్కడ అడుగుపెట్టాడంటే అందుకే.

సాయంత్రం రేవు దగ్గర టీ దుకాణానికి వెళ్ళాం. బయట జోలీలు వేసి ఉన్నాయి. ఇనుప చట్రానికి తాడు వల అల్లిన కుర్చీలు. కూర్చుంటే మన నులకమంచంలాగే ఒళ్ళు లోపలికి దిగిపోతుంది. పక్క జోలీలో ఒక ముసలాయన, ఒకప్పటి ట్యూనా జాలరి. టీ అయ్యాక జేబులోంచి వక్క తీసి, కాగితమంత పల్చగా చెక్కి తమలపాకులో చుట్టి నాకో ముక్క ఇచ్చారు. మా తాతయ్య గుర్తొచ్చారు.

పాత రోజుల్లో ఎన్నికలెలా ఉండేవని అన్నయ్య చేత అడిగించాను. అభ్యర్థిని మజ్లిస్, అంటే వాళ్ళ పార్లమెంటు, ఎంపిక చేసేదట. బ్యాలెట్ మీద ఒక్కటే పేరు. అవును అనో కాదు అనో గుర్తు పెట్టాలి. ఆరుసార్లు అలా జరిగింది. ఆరుసార్లూ 90 శాతానికి పైనే 'అవును'.

ఆ తర్వాత ఆ దేశ జనం ఏం చేశారో చూడండి. 2008లో గయూమ్‌ని దించారు. 2018లో ఆయన సవతి తమ్ముడు అబ్దుల్లా యామీన్‌ని దించారు. 2023లో ఇబ్రహీం సోలిహ్‌ని దించి మొహమ్మద్ ముయిజ్జుని ఎక్కించారు. గయూమ్ తర్వాత ఏ అధ్యక్షుడికీ రెండోసారి ఇవ్వలేదు. అందుకే ఓటు దగ్గర నాకు దిగుల్లేదు. నా దిగులంతా కోర్టు గురించి. కొత్త రాజ్యాంగం వచ్చాక పాత జడ్జిలని పరీక్షించి మళ్ళీ నియమించాలన్నారు. తీరా దాదాపు అందర్నీ అలాగే కొనసాగించారు. ఆ గొడవలోనే నషీద్ ఒక జడ్జిని సైన్యం చేత అరెస్టు చేయించి తప్పు చేశారు. అది ముదిరి, పోలీసులు కొందరు ఎదురుతిరిగి, 2012 ఫిబ్రవరి 7న ఆయనే రాజీనామా చేయాల్సొచ్చింది. బెదిరించి చేయించారని తర్వాత ఆయన చెప్పారు. 2015లో ఆయనకి 13 ఏళ్ళ జైలుశిక్ష వేసిందీ కోర్టే. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఎదురు తీర్పు ఇస్తే యామీన్ ఎమర్జెన్సీ పెట్టి ప్రధాన న్యాయమూర్తినీ, సవతి అన్న గయూమ్‌నీ జైల్లో వేయించారు.

నేను వెళ్ళడానికి కొద్దివారాల ముందే, పార్టీ మారిన ఎంపీ సీటు పోయేలా ఒక్కరోజులో రాజ్యాంగ సవరణ చేసేశారు. మన ఫిరాయింపులు చూసి విసిగిపోయినవాణ్ణి కాబట్టి మొదట మంచిదే కదా అనుకున్నాను. అన్నయ్య తల అడ్డంగా ఊపారు. పార్టీ బహిష్కరించినా సీటు పోతుందట. అంటే అధికార పార్టీ ఎంపీ నోరు తెరవాలంటే సీటు మీద ఆశ వదులుకోవాలి. నేను వచ్చేశాక 2025 ఫిబ్రవరిలో, ఆ సవరణ మీద కేసు నడుస్తుండగానే సుప్రీంకోర్టు జడ్జిలు ఏడుగురిలో ముగ్గుర్ని సస్పెండ్ చేశారు. ఆ వార్త చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అంత కష్టపడి గయూమ్‌ని దించిన జనం మళ్ళీ మొదటికి రాకూడదు.

ఆ సాయంత్రం లేచే ముందు ముసలాయన్ని ఒక మాట అడగమన్నాను. ఆ ఆరుసార్లూ మీరేం పెట్టారు?

ఆయన పెద్దగా నవ్వి, చుట్టుపక్కల వాళ్ళకి వినబడేలా చెప్పారు. ఐదుసార్లు 'అవును'. ఆరోసారి, అంటే 2003లో, ఇవాన్ నసీమ్ చనిపోయాక, 'కాదు'. అప్పట్లో భార్యకి కూడా చెప్పలేదట.

మరి మొన్న 2023లో ఎవరికి వేశారు?

అన్నయ్య ఆ మాట ధివేహిలో అడిగారు. ముసలాయన వెనక్కి తిరిగి దుకాణంలో ఎవరెవరున్నారో ఒకసారి చూశారు. తర్వాత కత్తి తీసి ఇంకో వక్క చెక్కడం మొదలుపెట్టారు.