బాబాయి తెచ్చిన రాయి

మొన్న సెలవులకి గొల్లపూడి వెళ్తే బాబాయి స్కూటర్ మీద కొండపల్లి వైపు ఓ క్వారీకి తీసుకెళ్లాడు. నాకు కావాల్సింది నాలుగైదు కిలోల చార్నొకైట్ అనే పాతకాలపు గట్టి రాయి. పనివాళ్లు టీ కాచుకునే పొయ్యి పక్కన మంచి ముక్క ఉంటే ఆయనే మోసుకొచ్చాడు. ఓ పక్కంతా మసి.

"అది పనికిరాదు బాబాయ్."

"నూరు కోట్ల ఏళ్లు దాటిన రాయంటివి, దానికి పొయ్యి మంట ఒక లెక్కట్రా?"

లెక్కే మరి. రాయి ఎప్పుడు పుట్టిందో అందులోని జిర్కాన్ అనే ఖనిజం చెబుతుంది, దానికి ఈ మంట ఆనదు. నేను వెతికేది ఆ రాయి లోతుల్లోంచి పైకి ఎప్పుడొచ్చిందని. అది అపటైట్ అనే ఇంకో ఖనిజాన్ని అడగాలి. మన పళ్లలో ఉండే కాల్షియం ఫాస్ఫేట్‌కి చుట్టమే. అందులో ఇసుమంత యురేనియం ఉంటుంది. యురేనియం-238 పరమాణువు తనంతట తాను పగిలినప్పుడల్లా స్ఫటికంలో ఓ గీత పడుతుంది. పొడవు 16 మైక్రాన్లు, వెంట్రుక మందంలో పావు వంతు. 110 డిగ్రీలు దాటిన వేడిలో ఆ గీతలు పుండు మానినట్టు మానిపోతాయి, వేడి అంతకంటే తగ్గినా 60 దాకా కురచవుతూ ఉంటాయి. నేల మీద ఉండే పాతిక డిగ్రీలకి తోడు కిలోమీటరు లోతుకి 25 డిగ్రీల చొప్పున వేసుకుంటే, రాయి మూడున్నర కిలోమీటర్ల లోతు దాటి పైకొచ్చాకే గీతలు నిలుస్తాయన్నమాట. అవి లెక్కపెడితే నెత్తి మీది ఆ మందమంతా ఎన్నేళ్లలో అరిగిపోయిందో తెలుస్తుంది. 13 కోట్ల ఏళ్ల కిందట అంటార్కిటికా మన తీరాన్ని వదిలి వెళ్లిందే, ఆ తెగిన అంచు తర్వాత ఎంత అరిగిందన్నదే నా గొడవ. యురేనియం వల్ల అపటైట్‌లో చేరే హీలియం కూడా కాలం చెబుతుంది, కానీ అది మరీ సుకుమారం, 70 డిగ్రీలకే జారుకుంటుంది. పొయ్యి పక్క రాయిలో ఇంకేం మిగులుతుంది?

ఇక రాయి పిండి కొట్టాక చేసేది అమ్మ చేటలో చెరిగే పనే. బ్రోమోఫామ్ అనే బరువైన ద్రవంలో పోస్తే క్వార్ట్జ్ తేలుతుంది, అపటైట్ మునుగుతుంది. గింజల్ని జిగురులో పొదిగి, నునుపు చేసి, గీతలు మైక్రోస్కోపుకి ఆనేలా నైట్రిక్ ఆమ్లంలో సరిగ్గా 20 సెకన్లు ముంచాలి. పోయినేడాది ఫోన్ మోగితే అటు చూశాను, 40 అయింది. గీతలు ఉబ్బి ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. రెండు నెలల చాకిరీ గంగపాలు.

చివరికి కొత్తగా పగిలిన బండ లోపలి నుంచి ఓ ముక్క తీయించి తెచ్చుకున్నా. మసిరాయిని మాత్రం బాబాయి క్వారీలో వదల్లేదు, స్కూటర్ ముందు పెట్టుకుని తెచ్చాడు. ఇప్పుడది వాళ్ల గేటు కొట్టుకోకుండా అడ్డం ఉంది.